సుట్టకుదురు

కేజీహెచ్‌లో కుర్ర డాక్టరు
ఫిల్ము కిటికీకేసి పట్టుకుని
"మెడలో ఉండాల్సిన వంపు పోయిందమ్మా,
నిటారుగా అయిపోయింది" అన్నాడు.

ఏ రోజు పోయిందంటే
నానేటి సెప్పను బావూ?
నాలుగింటికి జెట్టీ కాడ గమేళా నెత్తికెక్కుతాది.
కాన్వెంటు జంక్షను దాటేతలికి
ఐసునీళ్ళు సెవులెనక నించి జారి
రవిక నానిపోతాది.
అల్లిపురంలో మూడో అంతస్తు టీచరమ్మ
కానగంతలకి బాల్కనీలోంచే బేరమాడతాది.
తెగేదాకా దించేదెవుళు?

"బరువులు ఎత్తొద్దు" అని రాసేడు.
ఎత్తేది నాను కాదు బావూ.
ఇద్దరు ఎత్తుతారు.
నాను మోస్తాను.

మెడకి మెత్తటి పట్టీ ఒకటిచ్చేడు.
రాత్రి మా తోటికోడలు కాసులమ్మ
దాన్ని గుండ్రంగా అతికించి
తన నెత్తి మీద పెట్టుకు సూసింది.

సరిగ్గా సరిపోయింది.