శనివారం పేరున్న మనిషి

నాలుగో అంతస్తులో, ఎస్కలేటర్ చెడిపోయిన వైపు
నా కొట్టు.
బయట ఉలాన్‌బాతర్, మైనస్ ముప్పై ఒకటి.
లోపలికొచ్చిన ప్రతివాడూ ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు,
తర్వాతే ధర అడుగుతాడు.

బ్యాంబాజావ్‌కి కళ్ళద్దాల్లేవు.
బ్యాంబా అంటే మా భాషలో శనివారం.
గోబీలో బొగ్గు లారీ నడుపుతాడు.
సరిహద్దు మూసిన నెల అది. లారీ ఆగింది,
అతను మాత్రం వరసగా మూడు శనివారాలు
ఈ మెట్లెక్కాడు.

గాజు కింద రెండు ప్రాసెసర్లు.
ఎర్ర డబ్బాలో ఆరు కోర్లు. నీలం డబ్బాలో పద్నాలుగు.
ఎర్రది ఉన్న బోర్డులోనే సర్దుకుని కూర్చుంటుంది.
నీలంది ఒంటరిగా రాదు:
బోర్డు మార్చమంటుంది, ర్యామ్ మార్చమంటుంది,
దాని వేడికి ఇంకో కూలర్ అడుగుతుంది,
చివరికి నీదంటూ మిగిలేది
పెట్టె, దాని మూత.

గొర్రెల సంతలో నడుం తడిమి
కొవ్వెంతుందో చూసేవాడిలా
గాజు మీద వేలు అటూ ఇటూ జరిపేవాడు.

"ఏం ఆడతావు?"
చెవులు ఎర్రబడ్డాయి.
"లారీ ఆట."

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"అందులో వాన పడుతుంది అక్కా.
రోడ్డు పక్కన చెట్లుంటాయి, అన్నీ తడుస్తుంటాయి.
సరిగ్గా చినుకు మొదలయ్యేసరికి
నా కంప్యూటర్ మొరాయిస్తుంది.
వైపర్ ఇటు కనబడుతుంది, తర్వాత అటు,
మధ్యలో ఏమైందో తెలీదు."

రెండో శనివారం ఉన్నదున్నట్టు చెప్పాను.
నీ గ్రాఫిక్స్ కార్డు ముసలి ఒంటె,
దాని పక్కన పందెపు గుర్రాన్ని కట్టినా
బండి నడిచేది ఒంటె నడకే.
సెకనుకి నూట నలభై బొమ్మలు గీసిపెట్టినా
నీ తెర అరవైకి మించి చూపించదు.
అన్నీ బొగ్గు తూకం చీటీ వెనక రాసుకున్నాడు.
"మా సొలొంగో నీలం కొనమంది," అన్నాడు వెళ్తూ.
"ఎందుకట?"
"డబ్బా బాగుందని."

మూడో శనివారం
గొర్రెతోలు కోటులో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి
కంప్యూటర్నే మోసుకొచ్చాడు.

మూత తీశాను.
దుమ్ము బూడిదరంగులో ఉంటుందనుకుంటాం కదా,
ఇది నలుపు.
సగం గుడారపు ఇంట్లో నడిమధ్య రగిలే పొయ్యిది,
సగం అతని చొక్కా చేతులది.
ఫ్యాను రెక్కలు రెక్కల్లా లేవు.
చిప్పు మీద పూసిన పేస్టు
ఎండు పెరుగు గడ్డలా గోటికి పొడై రాలింది.

బ్రష్షుతో దులిపాను. గాలి కొట్టాను.
బఠాణీ గింజంత కొత్త పేస్టు వేసి
మరలు బిగించి, తెరకి తగిలించి,
ఆడమన్నాను.

వాన వెతుక్కుంటూ పోయాడు.
ఏదో ఊరు దాటాక దొరికింది.
తొంభై ఆరు దగ్గర ఉడికే వేడి
డెబ్భై ఒకటి దగ్గర నిలబడింది.
వైపర్ ఇటునుంచి అటు వెళ్ళింది,
మధ్యలో ఉన్న అద్దమంతా దాటుతూ.

నెలాఖరు. కొట్టు అద్దె కట్టాలి.
నోరు ఊరుకోలేదు:
"నీకింక ఏదీ కొనక్కర్లేదు."

తెర మీంచి కళ్ళు తీయలేదు.
"ఎర్రది ఇవ్వు."
"చెప్పాను కదా..."
"విన్నాను. ఇంట్లో చెప్పేశాను కొంటున్నానని.
పదకొండు నెలలుగా చెప్తున్నా."

డీజిలు వాసనేసే నోట్లు
రెండుసార్లు లెక్కపెట్టి గాజు మీద పెట్టాడు.
వద్దనాలా? ఇప్పటికీ తేల్చుకోలేదు.
పేస్టు డబ్బులు మాత్రం తీసుకోలేదు.

"బిగించి ఉంచు, ఏదన్నా తినొస్తా," అని
కిందికి దిగాడు.

పది నిమిషాల పని.
ఎర్ర డబ్బా సీలు కోశాను.
ఫ్లాస్కులోంచి ఉప్పేసిన పాల టీ వంపుకున్నాను.
కంప్యూటర్ ఆపితే తప్ప పాతది ఊడదు.

తెర మీద లారీ రోడ్డు వారగా నిలబడి ఉంది,
దాని మీద వాన పడుతోంది.
కాసేపు ఆపలేదు.