చివరి కుళాయి

మూడు పెట్టెలు దిగాయి బిష్కెక్ నుంచి
సాత్యబల్దీ లారీలో, బంగాళాదుంప బస్తాల సందున.
నీళ్ల సంఘం గదిలో పొయ్యి ఒకటి, కుర్చీలు నాలుగు.
పైపులోకి మందు ఎలా ఎక్కించాలో
మంచు కరిగేలోగా తేల్చుకోవాలి మేం.

పోయిన వసంతం బడిలో సగం బల్లలు ఖాళీ.
కడుపులు పట్టుకుని పడుకున్నారు పిల్లలు.
ఆ లెక్కా నేనే రాశాను, ఈ నోటుబుక్కులోనే,
బాకీల పేజీ వెనక.

మొదటిది కరెంటు పంపు.
లోపల పొర కప్ప గొంతులా ఉబ్బి తగ్గుతుంది.
టిక్కుటిక్కుకీ ఇన్నేసి చుక్కలు.
అమ్మే కుర్రాడు మెదేర్
గాజు గొట్టం నింపి, గడియారం పెట్టి
నిమిషానికి ఎంత తాగిందో చూపించాడు.
ముచ్చటేసింది అందరికీ.
"కరెంటు పోతే?" అంది బురుల్ ఎజె.
"పంపు ఆగుతుంది."
"నీళ్లో?"
ఎవరూ మాట్లాడలేదు.
ఊట కొండమీద ఉంది, దిగడానికి దానికి కరెంటు అక్కర్లేదు.
జనవరిలో మా కరెంటు చుట్టపుచూపుగా వచ్చి
టీ అయినా తాగకుండా వెళ్లిపోతుంది.

రెండోది అరచేతిలో ఇమిడేంత.
నడుము నొక్కిన గొట్టం, అంతే.
ఆ ఇరుకులో నీరు పరుగు తీస్తుంది,
పరుగులోనే పక్కనున్న మందుని పీల్చుకుంటుంది.
కదిలే ముక్క లేదు, విరిగేదీ లేదు, చవక.
అందరికన్నా ముందు నా కళ్లే మెరిశాయి.
కానీ దానికి ఒత్తిడి మేతగా వేయాలి,
నాలుగో వంతు మింగందే నోరు తెరవదు.
దిగువ వీధిలో మధ్యాహ్నం కుళాయి
ఇప్పటికే దారంలా కారుతోంది.
ఆ దారాన్ని తెంపే కత్తెర
నేను సంతకం పెట్టి కొనాలా?

మూడోది నీటితోనే నడిచేది.
వచ్చే నీరు పిస్టన్‌ని తోస్తుంది,
తోసినప్పుడల్లా ఒక గుక్క మందు.
నీరు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది,
ఊరు పడుకుంటే అదీ కునుకు తీస్తుంది.
ధర విని సాత్యబల్దీ టోపీ తీసి
మోకాలి మీద పెట్టుకున్నాడు.
"రెండు గుర్రాలు," అన్నాడు. "మంచివి."

"ఏప్రిల్లో మా నీళ్లు టీ రంగులో వస్తాయి బాబూ,
ఆ ఇసుక దీని గొంతులో పడితే?"
మెదేర్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.
ముందు జల్లెడ బిగించాలట,
వారానికోసారి ఎవరో ఒకరు కడగాలట.
పొయ్యిలో పిడక ఒకటి చిటపటమంది.
ఎవరో ఒకరు అనే మనిషి
మా ఊళ్లో ఎప్పుడూ పుట్టలేదు.

పెద్దది తేలింది అనుకున్నాక చిన్నవి మొదలయ్యాయి.
మందు ముక్కు పైపు గోడ దగ్గర ఆగకూడదు,
నడిమధ్యకి చేరాలి, లేకుంటే అంచునే పాకి ఇనుముని తినేస్తుంది.
స్టీలు ముక్కు వద్దు, మందు ముందు దాని మెరుపు నాలుగు నెలలు.
నీరు వెనక్కి తన్నకుండా ఒక కవాటం.
మొదటి గడప చేరేలోగా మందుకి అరగంట నడక ఉండాలి,
ఆ మొదటి గడప సాత్యబల్దీదే.
కాబట్టి పెట్టె ఊట దగ్గరికి, కొండ పైకి,
అతని గుర్రం మీదే ఎక్కింది.
దారి పొడుగునా అతను ధర సంగతి
గుర్రానికి చెబుతూనే ఉన్నాడు.

మే నెలలో బురుల్ ఎజె పెరట్లో,
పైపు ఆఖరయ్యే చోట,
చిన్న సీసాలో నీళ్లు పట్టి బిళ్ల వేశాను.
మెల్లగా గులాబీ రంగు తిరిగింది,
చంటిపిల్ల గోరు కింద రంగంత.
ఆమె వాసన చూసింది. "ఆసుపత్రి," అంది.
ముఖం చిట్లించి, కెటిల్ నింపుకుంది.

జల్లెడ నేనే కడుగుతున్నాను.
ఈ వారం: పిడికెడు ఇసుక, రెండు ఆకులు,
ఒక ఎర్ర ఉన్నిదారం ముక్క.
కొండమీద ఇల్లేదీ లేదు.
ఎవరిదై ఉంటుందా అని
నోటుబుక్కులో పెట్టి మూశాను.