సగం గుడారం

పార్కు మొదట్లో ఒక చెక్కపెట్టె,
అందులో పసుపు కవర్లు, దారానికి వేలాడే పెన్సిలు.
కారు నంబరు, ఎన్ని రాత్రులు, ఎంతమంది.
అన్నయ్య ఆర్వో తన కవరు మీద నాలుగు అని రాశాడు.
కాసేపు ఆగి,
దాన్ని కొట్టేసి మూడు వేశాడు.
నేను నా కారు అద్దం తుడుస్తూ ఉండిపోయాను,
మరక లేని చోటే మళ్లీ మళ్లీ.

ఒరెగాన్ తీరంలో, ఏటా ఆగస్టులో,
మాకు ఇదే చోటు, ముప్పై ఏడో నంబరు.
స్ప్రూస్ వేర్లు నేల మీదికి తన్నుకొచ్చి
వీపుకి ఎక్కడ గుచ్చుకుంటాయో కంఠతా వచ్చు.
ఇక్కణ్ణుంచి సముద్రం కనిపించదు.
రాత్రంతా వినిపిస్తుంది,
పక్కవాటా వాళ్ల తగువులా.

అన్నయ్య సంచి బోర్లించాడు.
గుడ్డ ఉంది. మేకులున్నాయి.
కర్రలు లేవు.
పంపకాల్లో అవి డారియా గరాజుకి పోయాయి.
"కుర్చీలు చెరి రెండు, పడవ నాకు, కుక్క తనకి,
అన్నీ కాగితం మీద రాసుకున్నాం.
గుడారం ఒకటే వస్తువనుకున్నాను" అన్నాడు,
నారింజరంగు గుడ్డ నడిమధ్యన నిలబడి,
వేరే వాళ్ల పెళ్లిపందిట్లోకి వచ్చేసిన చుట్టంలా.

ఎమెట్‌కి పదకొండేళ్లు. వాడు తలెత్తలేదు.
ఆరేళ్ల జూని మాత్రం గుడ్డ కిందికి దూరి
పిల్లిలా అటూ ఇటూ పాకి
"తలుపు ఎటుంది?" అని లోపల్నుంచి అరిచింది.

అమ్మ ఏమీ అనలేదు.
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు నిలబడ్డ మోకాళ్లతో
ఇసుకలోకి దిగింది.
అలలు తెచ్చి పడేసిన కర్రల్లో
ఒక్కొక్కటే ఎత్తి, వంచి, నేలకేసి కొట్టి,
మొప్పలు విప్పి చూసి బేరమాడే మనిషిలా
నాలుగు ఏరింది.
ఉప్పు తినీ తినీ ఎముకల్లా తెల్లబడ్డ కర్రలు.

సాయంత్రం రేంజరమ్మ వచ్చింది.
"చెట్లకి తాళ్లు కట్టకూడదండీ" అని మొదలుపెట్టి,
ఓ పక్కకి ఒరిగిన మా కట్టడాన్ని చూసి,
అన్నయ్య మొహం చూసి,
"నాకేం తాడు కనిపించలేదులెండి" అని
టోపీ సర్దుకుని వెళ్లిపోయింది.

రాత్రి రెండింటికి గాలి లేచింది.
ముందు ఒక కర్ర, తర్వాత మూడూ.
గుడ్డ కింద నవ్వో ఏడుపో తెలియని చప్పుడు.
నా ఇద్దరి గుడారంలో అయిదుగురం.
తడి ఉన్ని వాసన, ఎవరివో చల్లటి పాదాలు,
అమ్మ గురక, ఏ గాలికీ చలించనిది.
గుమ్మం దగ్గర, సగం వానలో, బూట్లు తలకింద పెట్టుకుని అన్నయ్య.
"అడిగితే ఇస్తుంది, ఆ కర్రలు" అన్నాడు చాలాసేపటికి.
"అడుగు" అన్నాను.
ఆ తర్వాత మాట్లాడింది సముద్రమొక్కటే.

తెల్లారేసరికి ఆటు పోయి
తీరం మైలు వెడల్పయింది.
అమ్మ మడమతో తొక్కిన చోట
ఇసుక చిన్న సొట్ట పడుతుంది;
"అక్కడ! తొందరగా!" అంటుంది.
ఎమెట్ చంకదాకా చెయ్యి దోపి
కత్తిపిడి అంత గుల్లని పైకి లాగాడు,
అది నీళ్లు చిమ్మింది, వాడి కంట్లోకే.
మీగడ, ఉల్లిపాయ, బంగాళదుంప, బోలెడు ఇసుక:
మా పొద్దుటి సూపు. పళ్లు కరకరలాడినా
ఎవరూ గిన్నె దించలేదు.

సర్దుకునేటప్పుడు ఎమెట్
ఆ నారింజ గుడ్డని తన సంచిలో కుక్కుతున్నాడు.
ఎందుకురా అంటే
"ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్తాంగా.
తనకి గుడ్డ లేదు" అన్నాడు, జిప్పు లాగుతూనే.

అన్నయ్య వచ్చి జిప్పు తీశాడు.
మేమంతా ఊపిరి బిగపట్టాం.
"తడి మీద మడిస్తే బూజు పడుతుంది" అని
కారు ముందుభాగం మీద పరిచాడు.

ఖాళీ చెయ్యాల్సింది పదకొండింటికి.
పొగమంచు కదిలే రకం కాదు,
ఈ తీరంలో దేన్నీ ఆరనివ్వదు.
పన్నెండున్నరకి కూడా
మేమక్కడే ఉన్నాం, చెరో అంచూ పట్టుకుని,
లేని ఎండకి
దాన్ని ఇటు తిప్పుతూ, అటు తిప్పుతూ.