లస్కరు తెచ్చిన ఫైలు

ఫోను నా బల్ల మీద పెట్టి
"తెరుచుకోట్లేదండి" అన్నాడు కడలి సూరన్న.
లొల్ల లాకుల్లో ముప్పయ్యేళ్లు తలుపులెత్తి
మొన్న వైశాఖంలో దిగిన లస్కరు.
పింఛను కాగితమట. చివర డాట్ ఏఎస్‌పీఎక్స్.

చెడిపోలేదు బాబాయ్,
పేరొక్కటే తప్పు తగిలించుకొచ్చింది.
తోక కోసి పీడీఎఫ్ అని అతికించాను.
తెరుచుకుంది. ఆయన పేరు, ఆయన ఫోటో,
రెప్ప వాల్చిన క్షణంలో తీసింది.

"మరా తోకేంటి?"

అసలు పేజీ ఇక్కడికి రాదు బాబాయ్.
ఎక్కడో చల్లటి గదిలో ఉంటుంది.
నువ్వడిగితే నీ నంబరు చూసి, లెక్క కట్టి,
తేలినదొక్కటే పంపుతుంది.
దాని లోపలేం రాసుందో
షాపు పెట్టిన పదకొండేళ్లలో నేనూ చూళ్లేదు.

కాసేపు ప్రింటరు కేసి చూశాడు.
"లాకులే," అన్నాడు.
"పేరవరం మడికి నీళ్లే తెలుస్తాయి.
తలుపెన్ని జానలెత్తామో,
ఎటు ఎంత వదలమని చీటీ వచ్చిందో
మడికెందుకు?"

పది కాగితం ఇచ్చి, చిల్లరొద్దని
గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"అక్కడ చక్రం తిప్పేవాడికి
వరదల్లో
నిద్రుంటుందంటావా?"