శివారు ఆయకట్టు

దీన్ని ఆటోలోంచి దింపుతున్న రోజున
రాజోలు మెయిన్ రోడ్డు మీద
ఎరువుల కొట్టు భాస్కర్రావు గారు అడిగారు:
"ఏంటి ప్రభుదాసూ, ఇనప్పెట్టా?"
"కాదండి. దీంట్లో పెళ్లిళ్లు దాస్తారండి."

పద్దెనిమిది కేజీలు.
రాహేలు గాజులూ, సొసైటీ అప్పూ,
నా రెండు కెమెరాల్లో ఒకటీ
కలిపితే అయ్యింది ఆ బరువు.
పక్కరేకు లాగితే లోపలంతా కనబడేది.
చెడినదాన్ని మార్చుకోవచ్చు,
చాలనిదాన్ని పెంచుకోవచ్చు.
రేపెప్పుడో పై గది వేసుకోవచ్చని
ఇనప చువ్వలు పైకి వదిలేసిన డాబాలా ఉండేది.

చువ్వలు తుప్పట్టాయి.

తొమ్మిదేళ్లు.
ఆరు వందల పద్నాలుగు పెళ్లిళ్లు,
లెక్క రాయని ఓణీల ఫంక్షన్లు,
శంకరగుప్తంలో ఒక చర్చి ప్రతిష్ఠ.
ఉప్పుగాలికి లోపలి రాగి పచ్చబడితే
పెయింటు బ్రష్షుతో తుడిచాను.
ఫ్యాను మూలిగితే కొబ్బరినూనె చుక్క వేశాను.
నవ్వకండి, పది రోజులు తిరిగింది.

ఏటా ఒక రాత్రి ఆ కంపెనీవాళ్లు పండగ చేస్తారు.
ఇక్కడ నేను, నరసాపురంలో కళాధరు,
తణుకులో పాటలు మిక్సింగ్ చేసే నూకరత్నం,
ముగ్గురం ఒకే లైన్లో కూచుంటాం.
ఫోను వచ్చింది, నిరుటిదానికంటే గోరంత పల్చన.
గడియారం వచ్చింది.
చెవిలో పెట్టుకునేవి వచ్చాయి,
వాటికో డబ్బీ, డబ్బీకో తొడుగు.
"ఉండండి, ఆఖర్న ఏదో అంటాడు," అంది నూకరత్నం.
ఆఖర్న అతను దణ్ణం పెట్టాడు, దీపాలు ఆరిపోయాయి.
పనిచేసుకునేవాళ్లదని మా పెట్టె మీద
ఒక చిన్న మాట రాసేవారు.
దాన్ని కూడా పీకి
ఫోను వెనకాల అతికించారు.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
"నీళ్లు లేవని ఎవడూ చెప్పడ్రా,
వస్తున్నాయంటాడు," అనేవాడు.
కాలువ మొదట్లో వాళ్లకి రెండు పంటలు,
శివారు వాళ్లకి వంతుల కాగితం.
అర్ధరాత్రి లాంతర్లు పట్టుకుని గట్టు వెంబడి వచ్చేవారు
కేశవదాసుపాలెం రైతులు.
తిట్టేవారు. చొక్కా పట్టుకునేవారు.
తలుపులెత్తే చక్రం నాన్న చేతిలో,
హుకుం ఎక్కడో ధవళేశ్వరంలో.
చొక్కా చిరిగిన ఏళ్లలో నాన్నకి నిద్ర పట్టేది.
ఒక ఏడు ఎవరూ రాలేదు.
గట్టు మీద ఒక్క లాంతరు లేదు.
ఆ రాత్రంతా చుట్ట కాలుస్తూ కూచునే ఉన్నాడు.
తెల్లారి సైకిలేసుకుని వెళ్లి చూస్తే
చేలు తవ్వేసి ఉప్పునీళ్లు పెట్టేశారు,
రొయ్యలకి.

మొన్న కళాధరు ఫోను ఎత్తలేదు.
భీమవరం కుర్రాడెవరో విడి ముక్కలు తెచ్చి
ఇంకో పెట్టె బిగించి ఇచ్చాట్ట, సగం ధరకి,
లోపల రంగు లైట్లు తిరుగుతాయిట, రికార్డింగ్ డాన్సులా.
"తిట్టే ఓపిక పోయింది ప్రభూ," అన్నాడు తర్వాత.

నాకింకా ఉంది.
హెల్ప్‌లైన్ అమ్మాయిని మాత్రం ఏమీ అనను,
"మీ మోడల్ పాతదైపోయింది సార్" అన్నా సరే.
ఆ పిల్ల కూడా లస్కరే.

ఇవాళ చించినాడ పెళ్లి.
నాలుగు కెమెరాలు, పైన డ్రోను,
పెళ్లికూతురు పడవ దిగుతోంది.
సగం దిగాక తెర బిగుసుకుపోయింది,
ఒక కాలు పడవలో, ఒక కాలు గాల్లో.
కింద నీలం గీత
పదకొండు శాతం దగ్గర నిలబడిపోయింది.
ఎదురుగా బెంచీ మీద ఆ పెళ్లికూతురే,
ఒళ్లో మూడు నెలల పిల్లాడు.
"ఇంకా ఎంతసేపండీ?"

"వస్తందమ్మా," అన్నాను,
పక్కరేకు లాగి
స్క్రూడ్రైవరు కోసం తడుముకుంటూ.