ఈక్వల్ మీట

బావి ఒకటే. ప్రహరీ దాని నడుం మీదుగా పోతుంది.
ఇవతల సగం మాది, అవతల సగం కాలేషా వాళ్ళది.
మోటారు ఒకటి, కరెంటు బిల్లు చెరిసగం.
మొన్న రోహిణి ఎండల్లో మాటా మాటా వచ్చింది.
"మా పిల్లల స్నానాలన్నీ మీ బచ్చలిపాదే తాగేస్తోంది" అన్నాడు.

కొలుద్దాం అన్నాను.
గుంటూరు మిర్చి యార్డులో ఇరవై రెండేళ్ళు గుమస్తాని,
తూకం చూడకుండా తలూపడం నా ఒంట్లో లేదు.

ప్లాస్టిక్ స్కేలు కోసి ఎనిమిది రెక్కలు,
కొబ్బరినూనె డబ్బా మూతకి చుట్టూ అతికించి
సైకిల్ పుల్ల ఇరుసు చేశాను.
ఒక రెక్కకి, పాడైన స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం ముక్క.
పైపు కోసి, అందులో కూర్చోబెట్టి, పైన అద్దం బిళ్ళ.
బయట రీడ్ స్విచ్. అగ్గిపుల్లంత గాజుగొట్టం;
అయస్కాంతం దాటినప్పుడల్లా లోపల రెండు రేకులు తాకి విడిపోతాయి.
దాని తీగలు నా క్యాలిక్యులేటర్ ఈక్వల్ మీట కిందకి.

విప్పితే మీటల సందుల్లో ఎర్రదుమ్ము.
పావుగంట తుమ్మాను.
ఎన్ని వేల టిక్కీల ఘాటో!
మంచి కాయని తాలు కింద రాసిన రోజులదీ
అందులో ఉండే ఉంటుంది.

ఒకటి, ప్లస్. ఇక చక్రం తిరిగినప్పుడల్లా
తనే ఒకటి కలుపుకుంటూ పోతుంది.
పదిహేను లీటర్ల బకెట్టుకి నాలుగొందల పన్నెండు.
మళ్ళీ పడితే నాలుగొందల ఐదు.
పర్లేదు, యార్డు కాటా కన్నా నయం.

ముందు వాళ్ళ పైపుకే పెట్టాను. ఎందుకని అడక్కండి.

రాత్రి తొమ్మిదింటికి మోటారు ఆపాం.
తెల్లారేసరికి ఆరువేల నూట ఎనభై ఎక్కువ.
పదిహేను బకెట్లు!
క్యాలిక్యులేటర్ పట్టుకుని గోడెక్కాను.
"నిద్రలో స్నానాలా కాలేషా?"

మర్నాటి రాత్రి ఇద్దరం కాపలా.
వాళ్ళావిడ బాజీబీ టార్చి పట్టింది.
కొళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి.
అద్దం కింద చక్రం తిరుగుతోంది, తాపీగా,
వెనక్కి.

ఫుట్ వాల్వు తోలు కుళ్ళిపోయింది.
ఎక్కించిన నీళ్ళు ఎక్కించినట్టే
ట్యాంకులోంచి బావిలోకి దిగిపోతున్నాయి.
వచ్చిందో పోయిందో నా యంత్రానికి తెలీదు,
దానికి తెలిసింది కలపడమే.

కాలేషా నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
బాజీబీ మాత్రం అడిగింది:
"మరి ఆ ఆరువేలూ ఎవరి ఖాతాలో, అన్నా?"

పొద్దున్నే పైపు పైకి లాగాం, చెరో కొసా పట్టి.
చెప్పుల కొట్టు నుంచి కొత్త తోలు ముక్క తెచ్చాడు,
డబ్బులిస్తే తీసుకోలేదు.
క్యాలిక్యులేటర్ గోడ మీదే ఉంది.
సున్నా చెయ్యాలి.