గసగసాలు ఆగిన చోటు

రెగిన్‌లో ఫిబ్రవరి.
కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పువ్వులు.
మూతబడ్డ రేడియో ఫ్యాక్టరీలో
తూకానికి కొనుక్కొచ్చిన తరంగాల పెట్టె
కుదురుకోవడానికి అరగంట తీసుకుంటుంది.
ఈలోగా పిరోష్కా అవ్వ
వయొలిన్ పైపలకని రెండు వేళ్లతో వేలాడదీసి
చెవి దగ్గర పెట్టుకుని కణుపుతో కొడుతుంది,
పుచ్చకాయ బేరమాడే మనిషిలా.

"ఏమంటోంది?"
"ఇంకా నసుగుతోంది."

నాకు నసుగుడు వినపడదు.
నాకు అంకెలు కావాలి.
మొదలు ఎనభై హెర్ట్జులు, ముగింపు నాలుగు వందలు.
సైన్ అల.
చతురస్రపు అలైతే ఒక్కటే రాదు,
చుట్టపక్కాలందర్నీ వెంటేసుకొస్తుంది.
వ్యవధి, పది సెకన్లు.

స్పాంజి ముక్కల మీద పలక,
పలక కింద స్పీకరు,
పలక మీద గుప్పెడు గసగసాలు.

పది సెకన్లలో అవి
ఒకసారి ఉలిక్కిపడి ఊరుకున్నాయి.
"స్టేషన్లో ఆగని రైలుకి
ఎక్కేదెవరు, దిగేదెవరు?" అంది.
రెండు నిమిషాలకి పెంచాను.

ఇంకో మీట మిగిలింది.
ఇటు తిప్పితే ప్రతి హెర్ట్జుకీ ఒకటే వాటా,
అటు తిప్పితే ప్రతి స్థాయికీ ఒకటే వాటా.
ఏది కావాలని అడిగాను.
రంపప్పొట్టు దులుపుకుంటూ
చాలాసేపు ఆలోచించింది.
"ఎనభై నుంచి నూట అరవై ఎంత దూరమో
నూట అరవై నుంచి మూడొందల ఇరవైకీ
అంతే దూరం కదా, దొరినెల్, చెవికి?"
లాగరిథమ్ అన్న మాట
ఆవిడ పుట్టి బుద్ధెరిగి వినలేదు.
మీట అటే తిప్పాను.

తీగపాకం కోసం చూసినట్టు చూస్తూ కూర్చున్నాం.
నూట అరవై దాటాక
గసగసాలు రెండు వంపు గీతలై
అలిగిన అక్కచెల్లెళ్లలా
వీపులు చేసుకుని నిలబడ్డాయి.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
(ఏమీ లేని చోట్లనే ఎక్కువ చూడాలంటుంది అవ్వ.
నేను స్టవ్‌లో కట్టె వేసి వచ్చాను.)
మూడొందల నలభై దగ్గర, అదిగో,
అంచు వెంబడి ఒక ఉంగరం,
ఎడమ పక్క తెగి.

అక్కడ కర్ర మందం.
కత్తి అంచుతో రెండే రెండు చుట్టలు గీకింది,
ఉల్లిపొర వాటికంటే దళసరి.
మళ్లీ తిప్పాను.
ఉంగరం అతుక్కుంది.

పెట్టె ఆపబోతూ
మోచేత్తో పరిధి మీట తోసేశాను కాబోలు,
అంకెలన్నీ పదింతలయ్యాయి.
ఈల ఎనిమిది వందల నుంచి లేచింది,
సన్నబడింది,
సూదిబెజ్జంలో దూరేంతగా.
"ఆగిపోయింది," అంది అవ్వ.

నా చెవిలో అది ఇంకా దోమలా తిరుగుతోంది.
ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది,
ముల్లు మూడు వేలకి కొంచెం ఇవతల.
"అవునవ్వా, ఆగింది," అన్నాను.

ఆవిడ నన్ను చూడలేదు.
స్టవ్ పక్కన పిల్లిని చూసింది.
దాని చెవులు రెండూ
స్పీకరు వైపే నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"పిల్లికి మర్యాద తెలీదు," అంది.
తర్వాత పెన్సిల్ అందుకుని,
"ముల్లు ఎక్కడుందిప్పుడు, సరిగ్గా చెప్పు."
కాదు, అప్పుడెక్కడుందో.
రెండు వేల తొమ్మిది వందలు, అన్నాను.

బల్ల పైన గోడ మీద
నలభై మూడేళ్లుగా రాసుకున్న వరస:
పైపలక ఇంత, వెనక పలక ఇంత, ఏ సంవత్సరం, ఏ చెట్టు.
దాని కింద ఇవాళ్టి తేదీ వేసి
పైపలక, మూడొందల నలభై.
పిరోష్కా, రెండు వేల తొమ్మిది వందలు.
చెట్టు పేరు రాసే గడి దగ్గర
పెన్సిల్ ఒక్క క్షణం ఆగి
దాటి పోయింది.

పలక అందుకుని మళ్లీ కణుపుతో కొట్టింది.
ఈసారి నేనూ తల వంచాను.
ఏమంటోందో అడగలేదు.

"ఆ గసగసాలు పారబోసేవు," అంది,
"జల్లెడ పట్టి ఉంచు.
శనివారం రొట్టెలోకి కావాలి."